తాళం ఎవరి ఇంటికి? (వాడ నుంచి మాట – 17వ భాగం)



పోయిన భాగంలో పోడు సర్వేలో మాయమైన పేర్ల గురించి రాశా. ఈసారి ఒక ఫోన్ గురించి, ఆ ఫోన్ లోపలి తాళం గురించి రాస్తున్నా. "ఇదేదో సాఫ్ట్‌వేర్ వాళ్ల గొడవ, మనకెందుకు" అని పక్కకి జరిపేయొద్దు. ఇందులో మన భూమి ఉంది. మన వేలిముద్ర ఉంది. రేపు మన మెడకి చుట్టుకునేది కూడా ఉంది.

2018 వానాకాలం. భద్రాచలం దాటి అడవి అంచు ఊళ్ల నుంచి బండి మీద వస్తున్నా. ఒక చోట ఆపారు. ఎవరు, ఏ శాఖ అన్నది ఇక్కడ రాయను. బ్యాగు చూశారు, పుస్తకాలు చూశారు, ఫోన్ అడిగారు. ఎందుకు అన్నా.

"దాచుకోవడానికి నీ దగ్గర ఏముందిరా? ఏం లేకపోతే ఇచ్చెయ్."

ఇచ్చేశా. రోడ్డు మీద ఇద్దరమే ఉన్నప్పుడు రాజ్యాంగం చదివి వినిపించే ధైర్యం నాకు ఆ రోజు లేదు. నాలుగు రోజుల తర్వాత ఫోన్ తిరిగొచ్చింది. రసీదు లేదు, కాగితం లేదు.

ఆ ఫోన్‌లో ఏముందో ఇప్పుడు చెప్తా. ముసలోళ్ల గొంతులున్నాయి.

అటవీ హక్కుల చట్టం 2006 కింద ఆదివాసీ అయితే 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్నట్టు చూపిస్తే చాలు. అడవి అంచున బతికే మన మాల మాదిగ కుటుంబాలు 'ఇతర సంప్రదాయ అటవీ నివాసులు' కిందకి వస్తాయి. మనం ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, ఇక్కడే ఉన్నామని రుజువు చేయాలి. అంటే 1930 నాటి రుజువు! 1930లో మన తాతకి ఎవడు కాగితం ఇచ్చాడు? అప్పుడు భద్రాచలం మద్రాసు వాళ్ల కింద, గోదారికి ఇవతల ఖమ్మం నిజాం కింద. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసిందే 1959లో. వెట్టి తప్పించుకుని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పోయినోడి పేరు ఏ దఫ్తరంలో ఉంటుంది?

అయితే అదే చట్టం కింది నియమాల్లో ఒక దారి ఉంది. 13వ నియమం ప్రకారం ఊరి పెద్దల వాంగ్మూలం రాసిపెడితే అదీ సాక్ష్యమే. అందుకని నేను ఊరూరూ తిరిగి రికార్డు చేస్తున్నా. ఒక తాత తన వయసు వరదలతో చెప్పేవాడు. 1953 గోదారి పొంగినప్పుడు నాకు పెళ్లయింది, 1986 వరదకి నాకు మనవడు పుట్టాడు అని. ఆ చెక్క ఎవరు నరికారు, ఆ కుంట ఎవరు తవ్వారు, ఏ ఏడు ఎవర్ని కొట్టి తరిమారు, అన్నీ పేర్లతో సహా చెప్పారు.

ఫోన్ తిరిగొచ్చిన వారం లోపల, ఆ రికార్డింగుల్లో గట్టిగా మాట్లాడిన ముగ్గురి ఇళ్లకి మనుషులొచ్చారు. "పోడు కొట్టింది నువ్వేనంట కదా" అన్నారు. నా ఫోన్‌లో వినే వచ్చారని నేను ఏ కోర్టులోనూ నిరూపించలేను. కానీ ఆ తాత ఆ తర్వాత ఎప్పుడూ నా ముందు నోరు విప్పలేదు. "నీకు చెప్పింది నీ దగ్గరే ఉంటదనుకున్నా కొడకా" అన్నాడు ఒకసారి. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటనే ఉంది.

నేను పాటర్న్ లాక్ పెట్టుకున్నా మరి. అదేం పని చేయలేదా?

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో కంప్యూటర్ పని చేస్తాడు. ఆ సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అడిగా. వాడు నవ్వలేదు. ఫోన్ తిప్పి చూసి, "మామా, నువ్వు తలుపుకి గొళ్లెం పెట్టావ్. లోపల దఫ్తరం మామూలు తెలుగులోనే ఉంది" అన్నాడు.

ఫైల్‌సిస్టమ్ అంటే ఫోన్ లోపలి కరణం. ఏ కాగితం ఏ కట్టలో ఉంది, ఎప్పుడు రాశారు, ఎంత పొడవుంది, అన్నీ దాని దగ్గర లెక్క. పాటర్న్ లాక్ కరణం ఇంటి తలుపు మాత్రమే. తలుపు పగలగొట్టకుండా కిటికీలోంచి, అంటే మెమరీ చిప్ నుంచి, కట్టలు లాగేసుకుంటే అన్నీ చదువుకోవచ్చు. ఎన్‌క్రిప్షన్ అంటే కట్టల్లోని ప్రతి పేజీనీ నీ తాళంచెవి లేకుండా ఎవరూ చదవలేని అక్షరాల్లోకి మార్చి రాయడం. కట్టలు ఎత్తుకెళ్లినా చేతికి చెత్తే వస్తది.

"మరి నా ఫోన్‌లో ఆ తాళం ఎందుకు లేదురా?"

"నీది చవక ఫోన్ మామా. చవక ఫోన్లకి మినహాయింపు."

మినహాయింపు! ఈ మాట మళ్లీ ఒకసారి చదవండి.

ఇది ఆ పిల్లోడు కల్పించిన మాట కాదు. 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చినప్పుడు గూగుల్ రాసిన నియమం అది. సెకనుకి 50 మెగాబైట్ల కంటే వేగంగా ఏఈఎస్ అనే పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేయగల ఫోన్లకి తాళం తప్పనిసరి. ఆ వేగం లేని ఫోన్లకి అక్కర్లేదు. ఏఈఎస్ కోసం ఖరీదైన ప్రాసెసర్లలో ప్రత్యేకంగా ఏర్పాటు ఉంటుంది. నాలుగు వేల రూపాయల ఫోన్‌లో ఉండదు. అక్కడ తాళం పెడితే ఫోన్ నత్తలా నడుస్తది. కాబట్టి తాళం వద్దన్నారు.

దీన్ని వాళ్లు 'పర్ఫార్మెన్స్' అంటారు. నేను వేరే పేరుతో పిలుస్తా. చెరువు అందరిదీ, కాకపోతే నీళ్లు తోడుకునే బిందె నీ దగ్గర లేదు కదా అనడం ఇది. బంజారాహిల్స్‌లో ఉండేవాడి పెళ్లి ఫోటోలకి ఇనప్పెట్టె ఇచ్చారు. అడవి అంచున 75 ఏళ్ల సాక్ష్యం మోసేవాడికి గొళ్లెం ఇచ్చారు. ఎవరికి తాళం ఎక్కువ అవసరమో వాడికే మినహాయింపు.

"అన్నా, ముందు అన్నం, భూమి, ఈ ప్రైవసీ గొడవ డబ్బున్నోళ్లది" అనే మిత్రులు మన ఉద్యమాల్లోనే ఉన్నారు. వాళ్లకి నేనొకటి అడుగుతా. ఆ భూమికి రుజువు ఎక్కడుంది? ఆ ఫోన్‌లోనే కదా. అట్రాసిటీ కేసులో సాక్షి ఫోన్ నంబర్ ఎక్కడుంది? చుండూరు సంగతి గుర్తు చేసుకోండి. 1991లో ఊచకోత, 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు, 2014లో హైకోర్టు కొట్టివేత. అన్నేళ్లూ కేసుని మోసింది సాక్షులే. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 2016 నుంచి అమల్లోకొచ్చిన 15ఎ సెక్షన్ సాక్షుల రక్షణ గురించే. సాక్షి పేరు, చిరునామా బయటపడకుండా చూడొచ్చని అందులో ఉంది. చట్టం దాచమన్న పేరుని నా చవక ఫోన్ దాచలేకపోతే ఆ సెక్షన్ ఎవరికి?

ఇక్కడి నుంచి కథ మలుపు తిరుగుతుంది. ఈ భాగం రాయడానికి కారణం కూడా ఇదే.

ఆండ్రాయిడ్ కింద ఉండేది లైనక్స్. దాని కోడ్ మొత్తం బయటే ఉంటది. ఎవరైనా చదవొచ్చు. ఎవరైనా మార్పు రాసి పంపొచ్చు. ఆ మార్పుని ప్యాచ్ అంటారు. తీసేసిన వరుస ముందు మైనస్ గుర్తు, కలిపిన వరుస ముందు ప్లస్ గుర్తు. మిగతావాళ్లు అందరి ముందూ దాన్ని చదివి ప్రశ్నలేస్తారు. దాన్ని రివ్యూ అంటారు. నేను ఇంజనీర్ని కాదు, పాత డిప్లొమా వాణ్ణి. అయినా మా వాడు కూర్చోబెట్టి ఫైల్‌సిస్టమ్‌కి ఎన్‌క్రిప్షన్ కలిపిన ప్యాచ్‌లు వరుసగా చదివించాడు. సగం అర్థం కాలేదు. అర్థమైన సగంతోనే రాస్తున్నా.

చవక ఫోన్లకి కూడా తాళం కావాలని మొదట ఏం తెచ్చారో తెలుసా? స్పెక్ అనే పద్ధతి. వేగంగా నడుస్తది, చిన్న ప్రాసెసర్‌కి సరిపోతది. తయారు చేసింది ఎవరు? అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏ. ప్రపంచం మొత్తం ఫోన్లు వింటుందని 2013లో స్నోడెన్ బయటపెట్టిన ఎన్‌ఎస్‌ఏనే! పెద్ద ఫోన్‌కి ప్రపంచమంతా పరీక్షించిన తాళం, పేదోడి ఫోన్‌కి దొంగల నాయకుడు గీసిచ్చిన తాళం. 2018లో అది లైనక్స్‌లోకి వచ్చింది కూడా.

రివ్యూలో చదివినవాళ్లు ఊరుకోలేదు. స్పెక్‌లో దొంగదారి ఉందని ఎవరూ చూపించలేదు, అది నిజం. నేను అబద్ధం రాయను. వాళ్లు అడిగింది వేరే ప్రశ్న. దీన్ని ఎందుకిలా తయారు చేశారో చేసినవాళ్లు సరిగా వివరించలేదు, గతంలో మోసం చేసిన చరిత్ర ఉంది, అలాంటప్పుడు ఎందుకు నమ్మాలి? నమ్మమన్నవాడే వివరించాలి గానీ, అనుమానించినవాడు రుజువు చేయాలనడం ఏం న్యాయం? చివరికి గూగుల్ వెనక్కి తగ్గింది. అదే ఏడాది స్పెక్ వరుసల ముందు మైనస్ గుర్తు పడింది.

దాని స్థానంలో గూగుల్‌లోనే పనిచేసే పాల్ క్రౌలీ, ఎరిక్ బిగ్గర్స్ ఆడియాంటమ్ అనే పద్ధతి తెచ్చారు. 4096 బైట్ల ముక్క మొత్తానికి ఏఈఎస్‌ని ఒక్కసారే వాడతది. మిగతా పనంతా చిన్న ప్రాసెసర్ కూడా చకచకా చేసే ఛాఛా లాంటి లెక్కలతో నడిపిస్తది. కార్టెక్స్ ఏ7 అనే చవక ప్రాసెసర్ మీద పాత పద్ధతి కంటే దాదాపు అయిదు రెట్లు వేగం. 2019 మార్చిలో లైనక్స్ 5.0తో వచ్చింది. అదే ఏడాది ఆండ్రాయిడ్ 10తో కొత్తగా వచ్చే ప్రతి ఫోన్‌కీ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి అన్నారు. మినహాయింపు ఎత్తేశారు.

గమనించారా? 2015లో 'కుదరదు' అన్నారు. 2019లో అవే చిన్న ప్రాసెసర్ల మీద కుదిరింది. ఆ నాలుగేళ్లలో మారింది ప్రాసెసర్ కాదు. చవక ఫోన్‌వాడి కోసం కూర్చుని లెక్క వేసే మనిషి దొరికాడు. మన జీవితంలో ఎన్ని 'కుదరదు'ల వెనక అసలు సంగతి ఇదే? బడికి కుదరదు, గుడికి కుదరదు, పట్టాకి కుదరదు. కుదరక కాదు, మన కోసం ఎవరూ కూర్చోక.

నా తాతల వాంగ్మూలాలకి మాత్రం ఆ తాళం ఏడాది ఆలస్యంగా వచ్చింది.

ఇప్పుడు వేలిముద్ర సంగతి. చాలా ప్యాచ్‌ల కింద 'రివ్యూడ్ బై' అని ఒక వరుస ఉంటుంది. పక్కన ఒక పేరు. దాని అర్థం లైనక్స్ వాళ్లు రాసే పెట్టారు. నేను దీన్ని నిజంగా చదివాను, నాకున్న అభ్యంతరాలు అడిగాను, జవాబులు సరిపోయాయి, అందుకే పేరు పెడుతున్నాను అని.

అది చదివి నేను చాలాసేపు అట్లా కూర్చుండిపోయా. మన వాళ్ల సంతకాల చరిత్ర ఏంటి? కరణం రాసిన దస్తావేజు మీద చదవకుండా వేలిముద్ర. పోలీసు పంచనామా మీద పంచుగా సంతకం, అదీ చాలాసార్లు తెల్లకాగితం మీద. మా నాయన అట్లా ఒక పంచనామాకి పంచు. ఏం దొరికిందో, ఎక్కడ దొరికిందో ఆయనకి చచ్చేదాకా తెలియదు. అక్షరం చదివితే శిక్ష వేయమన్న ధర్మం కింద వేల ఏళ్లు బతికిన జాతికి, 'చదివితేనే సంతకం పెట్టు' అనే నియమం ఎంత పెద్ద మాటో చదువుకున్న కులాలకి అర్థం కాదు.

అట్లా అని ఆ లోకానికి దండం పెట్టమని చెప్పట్లేదు. అక్కడ కులం అడగరు, నిజమే. కానీ ఇంగ్లీషు అడుగుతది, జీతం లేని సాయంత్రాలు అడుగుతది. ఆ రెండూ ఎవరి ఇళ్లలో పేరుకుని ఉన్నాయో మీకు తెలుసు. మెరిట్ అనేవాడికి ఆ లెక్క కూడా చెప్పండి.

రెండో హెచ్చరిక మన వాళ్లకే. "ఎన్‌క్రిప్షన్ ఉందన్నా, భయం లేదు" అని గ్రూపుల్లో జాబితాలన్నీ పడేసే తమ్ముళ్లకి. తాళం కూడా మనిషి చేసిందే. లైనక్స్‌లో ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్‌కి 2015లో మొదట పెట్టిన ఎన్‌క్రిప్షన్‌లో ఒక లోపం ఉండేది. ఒక్కో ఫైల్‌కీ వేరే తాళంచెవి, అన్నీ ఒక పెద్ద తాళంచెవి నుంచి పుట్టినవే. కానీ ఒక్క ఫైల్ తాళంచెవి బయటపడితే చాలు, దాన్నుంచి వెనక్కి లెక్కగట్టి పెద్ద తాళంచెవినే పట్టుకోవచ్చు. ఒక్క గది తెరిస్తే ఇల్లంతా తెరుచుకున్నట్టు. దాన్ని సరిచేసిన రెండో పద్ధతి 2019 నవంబర్‌లో 5.4తో వచ్చింది. ఆ లోపం అందరి ముందూ రాసి పెట్టారు కాబట్టి నాకు తెలిసింది. కోడ్ చూపించకుండా 'మాది చాలా భద్రం' అనేవాడి లోపం ఎవడు రాస్తాడు?

ఇంకోటి. ఈ తాళం ఫైల్‌లో ఉన్నదాన్ని, ఫైల్ పేరుని దాస్తుంది. ఫైల్ ఎంత పెద్దది, ఎప్పుడు మార్చారు, ఎన్ని ఉన్నాయి అన్నవి దాచదు. పట్నంలో అద్దె ఇల్లు వెతికినోడికి ఇది చెప్పక్కర్లేదు. ఇంటిపేరు దాచుకున్నా, "ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు?" అని అడిగి తేల్చుకుంటారు కదా. అదే ఇక్కడా.

అన్నిటికంటే పెద్ద సంగతి, తాళం తీసి ఉన్నప్పుడు లోపలికొచ్చిన దొంగని తాళం ఆపలేదు. భీమా కోరేగావ్ కేసు చూడండి. రోనా విల్సన్ కంప్యూటర్‌లోకి మాల్‌వేర్ పంపి ఆయనకి తెలియకుండానే ఉత్తరాలు పెట్టారని అమెరికాలోని ఆర్సెనల్ అనే ఫోరెన్సిక్ సంస్థ 2021లో నివేదిక ఇచ్చింది. ఎన్‌ఐఏ దాన్ని ఒప్పుకోలేదు. ఆ కేసులోనే మన వరవరరావు జైలుకి పోయారు. 2020 ఏప్రిల్ 14న, సరిగ్గా బాబాసాహెబ్ జయంతి నాడు, ఆనంద్ తేల్తుంబ్డే లొంగిపోయారు. స్టాన్ స్వామి 2021 జూలై 5న కస్టడీలోనే చనిపోయారు. నా ఫోన్ పోయిన ఆ 2018 వానాకాలంలోనే, ఆగస్టు 28న, ఇఫ్లూ ప్రొఫెసర్ కె. సత్యనారాయణ ఇంట్లో సోదా చేసి హార్డ్ డిస్కులు పట్టుకెళ్లారు. దేవుళ్ల ఫోటోలు లేకుండా ఫూలే, అంబేడ్కర్ ఫోటోలు ఎందుకున్నాయని అడిగారని ఆయనే చెప్పారు.

మన పక్క అడవిలో, ములుగు జిల్లా తాడ్వాయి స్టేషన్‌లో 2022లో 152 మంది మీద ఉపా కేసు పెట్టారు. ప్రొఫెసర్ హరగోపాల్ పేరు కూడా అందులో ఉంది. ఆ సంగతి 2023 జూన్‌లో గానీ బయటికి రాలేదు. గోల అయ్యాక కొందరి పేర్లు తీసేస్తామన్నారు. ఈ అడవి అంచున ఒక జాబితాలో పేరుంటే చాలు. అందుకే నేను జాబితా అంటే భయపడతా. నా దగ్గరున్న జాబితా అంటే ఇంకా భయపడతా.

ఇక 'దాచుకోవడానికి ఏముంది' అన్న పెద్దమనిషికి నా జవాబు, ఎనిమిదేళ్ల కిందట చెప్పాల్సింది. అయ్యా, 2017 ఆగస్టు 24న పుట్టస్వామి తీర్పులో తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఏమీ లేనివాడికి కూడా ఆ హక్కు ఉంది. ప్రభుత్వం మారిన 2023 డిసెంబర్‌లో ఎస్‌ఐబీ హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని మన తెలంగాణలోనే ఫోన్ ట్యాపింగ్ కేసు నడుస్తోంది. మా ఫోన్లు విన్నారన్న డిస్కులు ముక్కలైతే, మా గొంతులున్న ఫోన్ మాత్రం అద్దంలా తెరిచి ఉండాలా? దాచుకోవడానికి నా దగ్గర ఏముందో మీకు తెలుసు. నా వాళ్ల పేర్లున్నాయి.

ఇప్పుడు పని చెప్తా. ఫోన్ ఆండ్రాయిడ్ 10 కంటే ముందుదైతే సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో చూసుకోండి. సాక్ష్యాలు మెమరీ కార్డులో పెట్టొద్దు, మామూలుగా దానికి తాళం ఉండదు. పాటర్న్ బదులు పొడవాటి పాస్‌వర్డ్ పెట్టండి. అడవి దారిలో పోయేటప్పుడు ఫోన్ పూర్తిగా ఆఫ్ చేయండి. ఆఫ్‌లో ఉన్నప్పుడే తాళానికి పూర్తి బలం. సాక్ష్యం ఒక్క చోట ఉంచొద్దు, తాళం దొంగతనాన్ని ఆపుతది గానీ పోయినదాన్ని తెచ్చివ్వదు. ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద తాళం తీయమని ఆదేశించే అధికారం ప్రభుత్వానికి ఉంది, కాదంటే ఏడేళ్ల దాకా శిక్ష. అందుకని అలాంటి ఆదేశం వస్తే ముందు లాయర్ని పిలవండి. ఫోన్ స్వాధీనం చేసుకుంటే రసీదు అడగండి, హాష్ విలువ రాయమని అడగండి. అది ఆ క్షణంలో ఫోన్‌లో ఉన్నదాని వేలిముద్ర; తర్వాత ఒక్క అక్షరం కలిపినా మారిపోతది. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో దానికి గడి ఉంది. కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ 105 ప్రకారం సోదాని వీడియో తీయాలి. అడగండి. ఇవ్వకపోతే ఇవ్వలేదని రాయించండి.

చివరి మాట గురుకులాల్లో, పాలిటెక్నిక్‌లలో ఉన్న మన పిల్లలకి. కంప్యూటర్ చదివి ఉద్యోగం తెచ్చుకోండి, అమ్మానాన్నల్ని చూసుకోండి. దాంతోపాటు నెలకి ఒక్క ప్యాచ్ చదవండి. మైనస్ ఏది, ప్లస్ ఏది, ఎవరికి మినహాయింపు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అని చూడండి. అర్థం కాకపోతే అడగండి. ఏదో ఒక రోజు అలాంటి మినహాయింపు వరుస కింద 'ఇది ఒప్పుకోను' అని రాసే పేరు మన వాడది కావాలి.

ఆ తాత పోయిన ఏడాది చనిపోయాడు. ఆయన గొంతు నా దగ్గర ఇంకా ఉంది. ఇప్పుడు తాళం వేసి ఉంది. ఆలస్యంగా వేశా తాతా, క్షమించు.

జై భీమ్. జై ఫూలే.

(వచ్చే భాగంలో: 75 ఏళ్ల రుజువు అడిగే చట్టం, 75 ఏళ్ల కిందట బడి పెట్టని రాజ్యం.)